విజయనగరం గొంతు

ఆపెరాకి తెలుగేమిటని అడిగితే నిఘంటువులు 'సంగీత నాటకం' అని చెప్పి చేతులు దులుపుకుంటాయి. తప్పేమీ లేదు. కాని ఆ మాట వినగానే మన కళ్ళకి కట్టే బొమ్మ వేరు, మిలాన్ నగరంలో లా స్కాలా నాటకశాల తెర లేచినప్పుడు కనిపించే బొమ్మ వేరు. అక్కడ మాటలన్నీ పాటలే. కోపం వస్తే పాట, ఉత్తరం చదివితే పాట, క్షయరోగంతో ప్రాణం పోతూ వున్నా పాటే. నా క్లాసులో ఈ ముక్క చెబితే ఒక కుర్రాడు లేచి, "పోయేవాళ్ళకి అంత ఊపిరి ఎక్కణ్ణుంచి వస్తుందండీ?" అన్నాడు. శత్రువు కత్తి దూసి ఎదట నిలబడి వుండగా తాపీగా రాగం తీసే మన పద్యనాటక నాయకుణ్ణి వాడు చూడలేదు పాపం.

ఆ సంగీత నాటకాల్లో ఆడగొంతులన్నిటిలోకీ పై స్థాయి గొంతుని సోప్రానో అంటారు. కథానాయిక వేషం చాలావరకు ఆవిడదే. వేదిక ముందరి గోతిలో డెబ్భై ఎనభైమంది కూచుని ఫిడేళ్ళూ బాకాలూ మోగిస్తూ వుంటే, మైకన్నది లేకుండా, ఆ మోత మీదుగా తన గొంతుని ఆఖరి వరస దాకా పంపాలి. పాటకత్తె పనే కాదది, సగం వస్తాదు పని.

మనకలాంటి సంప్రదాయం లేదా అంటే, వుండకేం? ఫ్లారెన్సు పెద్దమనుషులు ఆపెరాకి నారు పోసింది 1600 ప్రాంతాల్లో. అదే శతాబ్దంలో తంజావూరు నాయకరాజుల కొలువులో తెలుగు యక్షగానాలు ఆడుతూనే వున్నాయి. విజయరాఘవ నాయకుడి ఆస్థానంలో రంగాజమ్మ 'మన్నారుదాస విలాసం' రాసింది. తరవాత త్యాగయ్య గారు 'ప్రహ్లాద భక్తి విజయం', 'నౌకా చరిత్రం' రాశారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారు నాటకం కట్టారు. తక్కిన సమాజాల్లో మగవాళ్ళు మీసాలు తీయించుకుని సత్యభామలవుతూ వుంటే, సురభి వారి ఇంటి ఆడవాళ్ళు తమ వేషాలు తామే వేసుకున్నారు. అలా మీసాలు తీయించుకున్నవారిలో స్థానం నరసింహారావు గారున్నారు కాబట్టి ఆ సంగతిని నేను వెక్కిరించను సుమా!

ఐతే సోప్రానో జీవితానికి దీటైన తెలుగు జీవితం ఒకటి చూపించమంటే, నేను చూపించే ఆవిడ పేరు తెచ్చుకున్నది రంగస్థలం మీద కాదు. ఆవిడ పులపాక సుశీల గారు.

మాది భోగాపురం. విమానాశ్రయం పుణ్యమా అని మా వూరి పేరు పేపర్లకెక్కింది గాని, అంతకు ముందు విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్ళే బస్సులో కునుకు తీసేవారికి మేము ఆనేవాళ్ళమే కాదు. నాతవలస దగ్గర మళ్ళి, ఓ పాతిక కిలోమీటర్లు వెళితే విజయనగరం. అక్కడ 1919లో విజయరామ గజపతిరాజు గారు స్థాపించిన సంగీత కళాశాల వుంది. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, రాజూ తానే, రాణీ తానే, భటుడూ తానే అయి గంటల తరబడి కథ నడిపిన మనిషి. మైకులు లేని రోజుల మాట. ఒక్క మనిషిలో ఆపెరా అంతా ఇమడగలదని నాకు తెలిసిన రుజువు ఆయనే. ద్వారం వేంకటస్వామి నాయుడు గారు అదే కళాశాలలో ఫిడేలు చెప్పి, 1936లో ప్రిన్సిపాలయ్యారు.

ఆ వూళ్ళో 1935 నవంబరు 13న సుశీల గారు పుట్టారు. తండ్రి ముకుందరావు గారు ప్లీడరు. కూతురు కచేరీ గాయని కావాలని, సుబ్బులక్ష్మి గారంతటి పేరు తెచ్చుకోవాలని ఆయన కోరిక. పిల్ల చెవులేమో సినిమా పాటల వేపు. ఇంట్లో ఎన్ని మాటలు జరిగాయో మనకనవసరం. ఒక మంచి పని మాత్రం జరిగింది. సినిమా పాట ఇష్టమని శాస్త్రం మానలేదు. విజయనగరం కళాశాలలో డిప్లొమా పూర్తి చేసిన తరవాతే ఆ గొంతు మద్రాసు మైకు ముందుకి వెళ్ళింది.

ఆ కళాశాల మరొక విద్యార్థి సంగతి మీకు తెలిసే వుంటుంది. ఘంటసాల వేంకటేశ్వరరావు గారు కృష్ణాజిల్లా నుంచి సంగీతం కోసం విజయనగరం వచ్చి, మధూకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా జోలె పట్టి అన్నం తెచ్చుకుని తింటూ చదువుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆదరించి పాఠం చెప్పారు.

ఈ సంగతి నేనొకసారి మా వూళ్ళో ఒకాయనకి చెప్పవలసివచ్చింది. ఆయనది సరుగుడు కర్ర వ్యాపారం. కూతురు మా కాలేజీలో బి.ఏ. చదివింది. మంచి గొంతు, కాలేజీ వార్షికోత్సవంలో ప్రార్థన పాడితే వెనక బెంచీలు కూడా నోరు మూసుకున్నాయంటే చూడండి. ఆ పిల్ల విజయనగరం వెళ్ళి సంగీతం డిప్లొమాలో చేరతానంది. తండ్రి సైకిలు దిగి మా అరుగు మీద కూచుని, "మాస్టారూ, మా గుంట పాటల బడికెల్తానంటంది. పాట కూడెడతాదేటండి?" అన్నాడు.

ఈ ప్రశ్నకి తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి నేనేం జవాబు చెప్పను? పద్యం కూడు పెడుతుందా అని నన్ను మా నాన్న అడగలేదు, అదే నా అదృష్టం. అబద్ధం చెప్పడం ఇష్టంలేక, అన్నం ఎత్తుకుని చదువుకున్న ఘంటసాల గారి కథా చెప్పాను, ప్లీడరు గారింట పుట్టిన సుశీల గారి కథా చెప్పాను. ఏది చూసుకుని ధైర్యం తెచ్చుకుంటాడో ఆయన ఇష్టం. ఆయన రెండూ వదిలేసి నాకు తోచనిదొకటి పట్టుకున్నాడు. "అయితే జోలె పట్టినాయనకీ, పిలీడరు గారి పాపకీ ఒకటే బడేనేటండి?" అన్నాడు. ఒకటే బడి అన్నాను. కాసేపు సైకిలు బెల్లు తుడుచుకుంటూ నిలబడి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల చేరింది. పొద్దుటి బస్సులో కిటికీ పక్కని కూచుని పెదవులు కదుపుతూ వెళుతూ వుంటుంది. పక్కవాళ్ళు జపం అనుకుంటారు కాబోలు.

సరే, మద్రాసు సంగతి. పెండ్యాల నాగేశ్వరరావు గారు కొత్త గొంతుల కోసం చూస్తూ రేడియోలో పాడేవారిని పరీక్షించి, సుశీల గారిని ఎంచుకున్నారు. 1953లో వచ్చిన 'కన్నతల్లి' తొలి సినిమా. అప్పటికి లీల గారూ, జిక్కి గారూ వెలుగుతున్నారు; భానుమతి గారు సరేసరి, తన వేషానికి తానే పాడుకునే మనిషి. ఆ మధ్యలో పద్ధెనిమిదేళ్ళ పిల్లకి చోటు దొరకడం సామాన్యం కాదు. ఎ.వి.ఎం. వారు నెలజీతం మీద పెట్టుకున్నారు. జీతంతో పాటు ఇంకొక పని చేశారు, తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి అది నాకు మహా నచ్చింది: తమిళ ఉచ్చారణ నేర్పడానికి ఒక పంతుల్ని కుదిర్చారు. సంగీతం పంతులు కాదు, భాష పంతులు! తమిళంలో ఒక ళకారం వుంది, నాలిక మడిచి పలకాలి. మన ప్రాచీన శాసనాల్లోనూ వుండేది, మనం పోగొట్టుకున్నాం. సుశీల గారు దాన్ని మళ్ళీ నేర్చుకుని, తమిళులు తమ ఇంటి పిల్లే అనుకునేటట్టు పాడారు.

ఆ రోజుల్లో పాటని ముక్కలుగా కోసి అతికే సదుపాయాలు లేవు. వాద్యాలన్నీ ఒకేసారి మోగాలి, గాయని ఒకేసారి పాడాలి. చివరి చరణంలో తబలా తప్పినా పల్లవి నుంచి మళ్ళీ మొదలు. తప్పు ఎవరిదైనా గొంతు అరిగేది గాయనిది. ఇవాళ ఒక్కొక్క వాక్యం విడివిడిగా పాడి వెళ్ళిపోయేవారిని నేను తప్పుపట్టను గాని, ఊపిరి ఎక్కడ తీయాలో ముందే తెలిసినవారి పాట వేరేగా వుంటుంది.

1955లో 'మిస్సమ్మ'. సావిత్రి గారికి లీల గారు పాడారు, జమున గారికి సుశీల గారు. రెండేళ్ళకి 'మాయాబజార్'. దాన్ని గురించి కొంచెం నిలబడి మాట్లాడుకోవాలి. అసలు శశిరేఖ ప్రేమగీతాలు పాడినప్పుడు లీల గారి గొంతు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి, పెళ్ళి సంబరం నటిస్తూ ఆడే పాటలో సుశీల గారి గొంతు. ఆ పాట మధ్యలో రాక్షసుడి అసలు స్వభావం తన్నుకొచ్చినప్పుడు ఘంటసాల గారి గొంతు. మొహం సావిత్రి గారిది ఒక్కటే. మరొకసారి చూడండి: ఆడపిల్లలా నటిస్తున్న మగవాణ్ణి ఒక ఆడమనిషి నటిస్తోంది, ఆవిడకి ఇంకొక ఆడమనిషి పాడుతోంది, లోపలి మగవాడికి ఒక మగవాడు పాడుతున్నాడు! ఆ పాటలో సుశీల గారు ముద్దుగా పాడారనడం చాలదు. ముద్దుని ఒక పిసరు ఎక్కువ చేసి పాడారు. ఆ పిసరే లేకపోతే అది మాయ అని మనకి తెలియదు. ఆ రెండు గొంతులూ ఒకే సంగీత కళాశాలలో చదువుకున్నవి. ఎన్నిసార్లు చూసినా నాకక్కడ విజయనగరమే వినిపిస్తుంది.

ఇక 1963లో 'లవకుశ'. మనకి ఆపెరా వుందా అని అడిగేవారికి నేను యక్షగానాల చరిత్ర చెప్పడం మాని ఈ సినిమా పేరు చెబుతాను. ముప్ఫైకి పైగా పాటలూ పద్యాలూ. కథ నడిచేదే వాటి మీద. పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని జనం వెళ్ళి చూశారు. అందులో లవకుశులిద్దరికీ పాడినది లీల, సుశీల గార్లు. ఇద్దరు పెద్ద ఆడవాళ్ళు ఇద్దరు పసిమగపిల్లల గొంతులయ్యారు. ఇది కూడా ఆపెరాలో వున్న పద్ధతే. 1786లో మోజార్ట్ రాసిన 'ఫిగారో పెళ్ళి'లో కెరుబీనో అనే కుర్రవాడి వేషం ఆడమనిషే కట్టి పాడుతుంది. అక్కడ పాడే ఆవిడ లాగూ తొడుక్కుని జనం ఎదటికి వస్తుంది. ఇక్కడ లీల గారూ సుశీల గారూ చీర కట్టుకుని స్టూడియోలో నిలబడ్డారు, నారచీరలు పిల్లలు కట్టుకున్నారు.

అదే పెద్ద తేడా. సోప్రానోకి చప్పట్లు మొహం మీదనే పడతాయి; పూలూ పడతాయి, నచ్చకపోతే అరుపులూ పడతాయి. నేపథ్య గాయనికి రెండూ లేవు. ఒకప్పుడు పేరు కూడా వుండేది కాదు. 1949లో 'మహల్' హిందీ సినిమా పాట రికార్డు మీద గాయనిగా అచ్చువేసిన పేరు కామిని. అది సినిమాలో పాత్ర పేరు. పాడిన లతా మంగేష్కర్ గారెవరని రేడియోకి ఉత్తరాలు రాసి తెలుసుకోవలసి వచ్చింది.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన సంగతి. సోప్రానో పై స్థాయికి వెళ్ళినకొద్దీ ఆవిడ నోటి మాట మనకి అర్థం కాదు. ఆవిడ లోపం కాదది, ప్రకృతి ధర్మం. 'అ'కి 'ఇ'కి 'ఎ'కి మధ్య తేడా మన నోట్లో పుట్టే కొన్ని అనునాదాల వల్ల తెలుస్తుంది. స్వరం సెకనుకి ఏడెనిమిది వందల కంపనాలు దాటిందంటే, అది ఆ అనునాదాల కంటే పైకి పోతుంది. అప్పుడు అచ్చులన్నీ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. పైగా ఆవిడ ఆఖరి వరసకి వినిపించడం కోసం నోరు బారెడు తెరవాలి. అందుకనే ఆపెరా శాలల్లో వేదిక పైన మాటలు వెలుగు అక్షరాలతో చూపిస్తారు. 1983లో కెనడాలో టొరంటోలో మొదలైన ఈ ఏర్పాటు లోకమంతా పాకింది. సొంత భాషలో పాడుతున్నా చూపించే చోట్లున్నాయంటే మీరే అర్థం చేసుకోండి.

సుశీల గారికి మైకు వుంది కాబట్టి నోరు బారెడు తెరవక్కరలేకపోయింది, నిజమే. కాని మైకు అందరికీ వుంది. పై షడ్జమం మీద నిలబడి కూడా శకారాన్ని శకారంగా, ణకారాన్ని ణకారంగా, ఒత్తుని ఊపిరి చప్పుడు కాకుండా ఒత్తుగా పలికినవారు ఎందరున్నారు? క్లాసులో పిల్లలకి 'శ, ష, స'ల తేడా నేను అరగంట సేపు చెప్పినా ఎక్కదు. ఆవిడ పాట ఒకటి వినిపిస్తే ఎక్కుతుంది. అప్పుడప్పుడూ నా జీతంలో కొంత ఆవిడకి పంపాలేమో అనిపిస్తుంది. భావం విషయంలో జానకి గారే గొప్ప అని మా ఇంట్లోనే ఒక పక్షం వుంది. కాఫీ ఆలస్యమయ్యే ప్రమాదం వుంది గనక ఆ వాదంలోకి నేను దిగను. అక్షరం విషయంలో మాత్రం వెనక్కి తగ్గను.

మైకు ఇంకొక మేలు చేసింది. ఇరవయ్యో శతాబ్దపు సోప్రానోల్లో మరియా కల్లాస్‌ది మహాప్రసిద్ధమైన పేరు. 1923లో న్యూయార్కులో గ్రీకు దంపతులకి పుట్టింది. తల్లి 1937లో ఏథెన్సు తీసుకువెళితే అక్కడ ఎల్విరా దె హిదాల్గో అనే ఆవిడ దగ్గర పాట నేర్చుకుంది. లా స్కాలాకి రాణి అయింది. అంత కీర్తితో పాటు పేపర్లలో అల్లరీ పడింది. 1958 జనవరిలో రోమ్ నగరంలో, ఇటలీ అధ్యక్షుడు కూచుని వుండగా, గొంతు పలకక మొదటి అంకం అవగానే మానేసింది. మరునాటి నుంచి దేశమంతా ఆవిడ మీద దుమ్మెత్తిపోసింది. గొంతు పోయినమ్మని ఎవరూ పలకరించలేదు, పొగరన్నారు. ఆవిడ ఆఖరిసారి ఆపెరా వేషం కట్టింది 1965 జూలైలో, లండన్‌లో. అప్పటికి వయసు నలభయ్యొకటి. కారణాలేమిటని ఇప్పటికీ వాదించుకుంటున్నారు; మోయలేని పాత్రలు చిన్నప్పుడే మోయడమని కొందరు, ఒళ్ళు బాగా తగ్గించడమని కొందరు. 1977లో పారిస్‌లో, యాభై మూడేళ్ళకే పోయింది.

సుశీల గారికి నలభయ్యొకటో ఏడు వచ్చింది 1976లో. ఆ ఏటి 'సిరిసిరిమువ్వ' పాటకి ఆవిడ జాతీయ పురస్కారం అందుకున్నారు. విశ్వనాథ్ గారి ఆ సినిమాలో కథానాయిక మూగపిల్ల! అప్పటికే 1968 నాటి తమిళ చిత్రం 'ఉయర్ంద మనిదన్'కి, గాయనులకి జాతీయ పురస్కారం పెట్టిన మొదటి ఏడే, ఆవిడకి వచ్చింది. 1982లో 'మేఘసందేశం'కి మళ్ళీ వచ్చింది. ఆ సినిమా పాటలు వింటే నలభై ఆరేళ్ళ గొంతని ఎవరూ అనరు. మొత్తం అయిదు జాతీయ పురస్కారాలు, 2008లో పద్మభూషణ్. 2016లో గిన్నిస్ వారు ఆరు భారతీయ భాషల్లో 17,695 పాటలని లెక్క కట్టారు. ఈ లెక్క చూసి నాకు పెద్ద సంతోషం కలగలేదు. అందులో డెబ్భైల నాటి హడావుడి పాటలు, ఎవరు పాడినా ఒకటే అయినవి కొన్ని వందలుంటాయి. వాటిని తీసేసినా మిగిలేది ఒక జీవితానికి సరిపోయి పైన కూడా మిగులుతుంది.

కూడు పెడుతుందా అన్న ప్రశ్న ఆ వ్యాపారిది మాత్రమే కాదు. సినిమా వాద్య బృందాల్లో ఫిడేలూ వేణువూ వాయించిన మనుషుల పేర్లు ఏ రికార్డు మీదా లేవు. యంత్రాలొచ్చాక చాలామందికి పని పోయింది. సుశీల గారు తన పేర ఒక ట్రస్టు పెట్టారు. పేరున్న గాయనీగాయకులకి అది పురస్కారాలిస్తుంది. ఇబ్బందుల్లో వున్న సంగీత కళాకారులకి నెలనెలా కొంత సొమ్ము కూడా పంపుతుంది.